మార్కు లేని మూత: మా వీధి వాటర్ ప్లాంటుతో నాలుగేళ్ళ అనుభవం

విజయవాడ పటమటలో మా వీధి చివర ఉన్న వాటర్ ప్లాంటు నుంచి 2021 వేసవి మొదలుకొని మా ఇంటికి వారానికి 3 టిన్నుల నీళ్ళు వస్తున్నాయి. నాలుగేళ్ళు దాటిన వాడకం కాబట్టి దీని గురించి రాయడానికి నాకు కొంత అర్హత ఉందనే అనుకుంటున్నాను. డిగ్రీ కళాశాలలో ముప్ఫై ఏళ్ళ పాటు రసాయనశాస్త్రం చెప్పి విరమించినవాణ్ణి కనుక తాగే నీళ్ళను కొంచెం అనుమానంగా చూసే అలవాటు కూడా ఉంది. ప్లాంటు పేరు మాత్రం రాయడం లేదు. దాని యజమాని చెడ్డవాడు కాడు. ఆయన టిన్నుల మూతల మీంచి ఐఎస్ఐ మార్కు పోవడం ఆయన ఒక్కడి దుకాణానికి పరిమితమైనదీ కాదు.

ముందు సేవ సంగతి చెప్పాలి, అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఫోను చేసిన గంటలోపు టిన్ను గుమ్మంలో ఉంటుంది. ఆటో తోలే కుర్రవాడు దాన్ని రెండో అంతస్తు దాకా మోసుకొచ్చి, ఖాళీ టిన్ను దించి, కొత్తదాన్ని డిస్పెన్సర్ మీదకు ఎత్తి, కింద ఒలికిన నీళ్ళు తానే తుడిచి వెళతాడు. డిపాజిట్టు సొమ్ము విషయంలో ఏనాడూ పేచీ రాలేదు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు, ఈ ప్లాంటు వాళ్ళు రాత్రీ పగలూ టిన్నులు నింపి అటు వెళ్ళే పడవల దగ్గరకు పంపారు, ఎవరినీ డబ్బు అడగలేదు. ఇదంతా గుర్తుంచుకునే మిగతా మాటలు రాస్తున్నాను.

నేను మొదటిసారి ఆ ప్లాంటుకు వెళ్ళినప్పుడు నన్ను ఆకట్టుకున్నది మెరిసే స్టీలు తొట్లు కాదు, వాటి వెనక ఉన్న చిన్న గది. పది అడుగుల గదిలో ఒక ఇంక్యుబేటరు, పీహెచ్ మీటరు, నాలుగు పరీక్ష నాళికల స్టాండ్లు, ఒక పొడుగాటి రిజిస్టరు ఉండేవి. మైక్రోబయాలజీ చదివిన ఒక అమ్మాయి రోజూ ఉదయం మొదటి టిన్ను నుంచీ, మధ్యాహ్నం మరొక టిన్ను నుంచీ నమూనా తీసి, ఫలితాన్ని తేదీతో సహా రాసి సంతకం పెట్టేది. సీసాల్లో, టిన్నుల్లో నింపి అమ్మే తాగునీటికి ఐఎస్ 14543 ప్రమాణం ప్రకారం ఐఎస్ఐ మార్కు ఉండాలంటే ప్లాంటులోనే సొంత ప్రయోగశాల, దానికి చదువుకున్న మనిషీ ఉండాలని నియమం ఉండేది. ఆ రోజుల్లో టిన్ను మూత మీద ప్లాస్టిక్ సీలు, సీలు మీద ఐఎస్ఐ మార్కు, దాని కింద లైసెన్సు సంఖ్య ఉండేవి. ఆ సంఖ్యను, మార్కు ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ప్లాంటు చిరునామాతో సహా వివరాలు వచ్చేవి. టిన్నుకు 40 రూపాయలు. ఎదురు వీధిలో సీలు లేని నీళ్ళు 15 రూపాయలకే దొరికేవి. మా ఇంట్లో ఆ తేడా గురించి రెండు మూడు సార్లు చర్చ జరిగింది. ప్రతిసారీ ఆ రిజిస్టరును చూసిన జ్ఞాపకమే నా తరఫున గెలిచింది.

2025 ఏప్రిల్‌లో ఒకరోజు మూత మీద మార్కు కనిపించలేదు. సీలు ఉంది, ప్లాంటు పేరు ఉంది, 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య ఉంది, ఐఎస్ఐ గుర్తు ఉండవలసిన చోట ఒక నీటి బొట్టు బొమ్మ ఉంది. పాత సీళ్ళు అయిపోయి ఉంటాయనుకున్నాను. రెండు వారాలైనా ఆ బొట్టే వస్తుండటంతో స్వయంగా వెళ్ళి అడిగాను.

"మాస్టారూ, ఇప్పుడు అది తప్పనిసరి కాదంటండీ. గవర్నమెంటే తీసేసింది. రెన్యువల్‌కి, టెస్టింగ్ ఫీజులకి, ఆ అమ్మాయి జీతానికి ఏడాదికి లక్షల్లో అయ్యేది. అక్కర్లేనిదానికి ఎందుకండీ పెట్టడం?" అన్నాడాయన. టిన్ను ధర 5 రూపాయలు తగ్గించానని కూడా గుర్తు చేశాడు, అది నిజమే. వెనక గదిలోకి తొంగి చూశాను. ఇంక్యుబేటరు లేదు. గోడ వారగా ఖాళీ టిన్నులు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. మన దేశంలో ఇలా ప్యాక్ చేసి అమ్మే తాగునీటికి ఐఎస్ఐ మార్కు 2001లో తప్పనిసరి అయింది. 2003 ఫిబ్రవరిలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పేరున్న సీసా నీళ్ళను పరీక్షించి వాటిలో పురుగుమందుల అవశేషాలు ఉన్నాయని బయటపెట్టాక, ఆ ప్రమాణం మరింత బిగిసింది. ఏ ఒక్క పురుగుమందూ లీటరుకు 0.0001 మిల్లీగ్రాము మించకూడదని, అన్నీ కలిపి 0.0005 దాటకూడదని పరిమితి పెట్టారు. చుట్టూ మిర్చి, పత్తి పండే నేల మధ్య, ఆ పొలాల మీద పారిన నీరు ఇంకే భూగర్భజలాన్ని తోడి అమ్ముకునే మన కృష్ణా, గుంటూరు ప్రాంతాలవాళ్ళకు ఆ పరిమితి ఎంత అవసరమో విడిగా చెప్పనక్కరలేదు. 23 ఏళ్ళు నడిచిన ఆ తప్పనిసరి నియమాన్ని 2024 అక్టోబరులో ఆహార భద్రతా నిబంధనల సవరణ ద్వారా తొలగించారు. ఒకే నీటికి బీఐఎస్ దగ్గర ఒకటి, ఆహార భద్రతా ప్రాధికార సంస్థ దగ్గర ఒకటి, ఇలా రెండు అనుమతులు ఎందుకన్నది వ్యాపారుల చిరకాల వాదన, అందులో కొంత న్యాయం లేకపోలేదు. తరువాతి నెలలోనే, అంటే 2024 నవంబరు 29న, ప్యాకేజ్డ్ తాగునీటిని అధిక ప్రమాద ఆహార వర్గంలో చేర్చి ఏటా తనిఖీ జరగాలని ఉత్తర్వు ఇచ్చారు. కాగితం మీద చూస్తే ఒక కాపలా తీసి మరొక కాపలా పెట్టినట్టే ఉంది. కానీ మొదటి కాపలా రోజూ ప్లాంటులోనే కూర్చునేది. రెండోది ఏడాదికి ఒకసారే వస్తుంది. మార్కు ఉన్న రోజుల్లో ముందుగా చెప్పకుండా ప్లాంటుకూ, బజారుకూ వచ్చి నమూనాలు పట్టుకెళ్ళే పద్ధతి కూడా ఉండేది. ఇప్పుడు ఎవరైనా వచ్చారా అని యజమానిని అడిగితే, "ఒకసారి వచ్చారండీ, కాగితాలు చూసుకుని వెళ్ళారు" అన్నాడు.

ఇంటికి వచ్చి చేతనైన పరీక్షలు మొదలుపెట్టాను. జేబులో పట్టే టీడీఎస్ మీటరు లెక్క ఇది: మా మున్సిపల్ కుళాయి నీరు, అంటే కృష్ణ నీరు, లీటరుకు 310 మిల్లీగ్రాములు; మా అపార్టుమెంటు బోరు 1,150; టిన్ను నీరు 38. ఈ 38 చూసి మా పక్కింటివారు "ఎంత శుభ్రమో" అని మురిసిపోయారు. టీడీఎస్ అంటే కరిగిన లవణాల కొలత, శుభ్రతకు కొలత కాదు. ప్యాకేజ్డ్ నీటికి ఉండవలసినది 75 నుంచి 500 మధ్య, ఎందుకంటే కాల్షియం, మెగ్నీషియం కొంతైనా మిగలాలి. ఖనిజాలన్నీ వడకట్టేసిన నీటిని మనం ముప్ఫై ఏళ్ళుగా 'మినరల్ వాటర్' అని పిలుస్తుండటం భాషకు పట్టిన విచిత్రమే గానీ, దాని గురించి మరెప్పుడైనా మాట్లాడుకుందాం.

అసలు విషయం సూక్ష్మజీవులది. తాగే నీటిలో ఏ 100 మిల్లీలీటర్లలోనూ మలం ద్వారా చేరే ఈ-కోలి క్రిమి ఒక్కటి కూడా కనిపించకూడదని ఐఎస్ 10500 ప్రమాణం చెబుతుంది. దాన్ని ఇంట్లో కచ్చితంగా లెక్కపెట్టడం సాధ్యం కాదు. అయితే గ్రామాల్లో నీటి పరీక్షలకు వాడే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలు చవకగా దొరుకుతాయి. గీత దాకా నీళ్ళు పోసి గది వేడిమిలో ఒకటి రెండు రోజులు ఉంచితే, మురుగు కలిసిన నీరైతే సీసా నల్లబడుతుంది. మొదటిసారి అప్పుడే సీలు తీసిన టిన్ను, నాలుగు రోజులు డిస్పెన్సర్ మీద ఉన్న టిన్ను, కుళాయి నీరు మూడూ పరీక్షించాను. కొత్త టిన్ను, కుళాయి మారలేదు. నాలుగో రోజు నీరు నల్లబడింది. అది నా డిస్పెన్సర్ కుళాయి పాపమే కావచ్చు. ఈ నీటిలో క్లోరిన్ మిగలదు కనుక ఒకసారి క్రిమి చేరితే ఆపేదేమీ ఉండదు. డిస్పెన్సర్‌ను విప్పి కడిగాక పరిస్థితి బాగుపడింది. టిన్ను తెరిచిన మూడు రోజుల్లో ఖాళీ చేయాలన్న నియమం అప్పుడే మా ఇంట్లో పెట్టుకున్నాం.

ఆగస్టులో మాత్రం సీలు తీసిన వెంటనే పట్టిన నమూనా నల్లబడింది. మరుసటి టిన్నూ అంతే. సీసాలు తీసుకుని ప్లాంటుకు వెళ్ళాను. యజమాని కంగారు పడ్డాడు, నటించలేదు. మెకానిక్కును పిలిపించి ఒక్కొక్కటే చూస్తే తప్పు అతినీలలోహిత దీపంలో తేలింది. ఆ దీపం ఆయువు సుమారు 9,000 గంటలు, రోజంతా వెలిగితే ఏడాది. ఆ తరువాత కూడా అది నీలంగా వెలుగుతూనే ఉంటుంది గానీ క్రిములను చంపే శక్తి పడిపోతుంది. వాళ్ళ దీపం మార్చి ఏడాదిన్నర అయింది. "వెలుగుతోంది కదా మాస్టారూ, బాగానే ఉందనుకున్నాను" అన్నాడాయన. పాత రిజిస్టరులో దీపం గంటలకు ఒక గడి ఉండేది. ఆ అమ్మాయి ఉన్నంతకాలం అది నిండేది. గడిని నింపే మనిషి వెళ్ళిపోయాక గంటలు లెక్కపెట్టవలసిన బాధ్యత ఎవరిదో ఆ ప్లాంటులో ఎవరికీ తెలియలేదు.

ఈ ప్లాంటు గురించి ఫోనులో మ్యాపు తెరిచి చూస్తే 4.6 నక్షత్రాలు ఉన్నాయి. ఆ రెండు టిన్నులు వచ్చిన వారంలో కూడా ముగ్గురు ఐదు నక్షత్రాలు ఇచ్చారు: 'నీళ్ళు తియ్యగా ఉన్నాయి', 'కుర్రాడు మంచివాడు', 'టైముకు వస్తారు'. అవన్నీ నిజాలే. బిర్యానీలో ఉప్పు ఎక్కువైతే తిన్నవాడు చెప్పగలడు, చొక్కా కుట్టు విడిపోతే తొడుక్కున్నవాడు చెప్పగలడు. నీళ్ళలోని ఈ-కోలిని, నైట్రేటును, పురుగుమందును తాగినవాడు రుచితో చెప్పలేడు. నియమాలు సడలించేవారు తరచుగా చెప్పే మాట, వినియోగదారులే నాణ్యతను నిర్ణయిస్తారు, చెడ్డ సరుకు బజారులో నిలవదు అని. రోగం వచ్చాక కూడా అది నీళ్ళ వల్ల వచ్చిందో, బండి మీది పునుగుల వల్ల వచ్చిందో తేల్చుకోలేని చోట వినియోగదారు ఏం నిర్ణయిస్తాడు? సమీక్ష రాస్తున్న నేనే ఈ మాట అనడం విడ్డూరంగా కనిపించవచ్చు, కానీ నీటి విషయంలో సమీక్షకుడు తనిఖీ అధికారి పని చేయలేడు. నా చదువు, నా తీరిక, నా సీసాలు ఆ వీధిలోని మిగతా రెండు వందల ఇళ్ళకు లేవు.

ప్లాంటు లోపలి సంగతి ఇలా ఉంటే, బయటి సంగతి సైడు కాలువలో కనిపిస్తుంది. ఒక లీటరు తాగునీటికి ఒక లీటరు వృథా పోతుందని యజమానే చెప్పాడు. ఆ వదిలేసే నీటిని కొలిస్తే టీడీఎస్ 2,300 ఉంది. బోరు నుంచి తోడిన నీటిలో సగం, రెట్టింపు ఉప్పుతో రోజంతా కాలువలో పడుతోంది. టీడీఎస్ 500 లోపున్న చోట నీటిని పొర గుండా వడకట్టి లవణాలు తీసే ఆర్వో యంత్రాలు వాడకూడదని, మిగతా చోట్ల కనీసం 60 శాతం నీరైనా తిరిగి దక్కాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో ఆదేశించింది. బావులూ బోర్లూ నమోదు చేయాలని 2002 నాటి మన వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) చెబుతుంది. చట్టాలు లేక కాదు. వాటిని పట్టుకుని వీధిలోకి వచ్చేవారు తగ్గిపోతున్నారు. దేశంలోని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్ళలో సుమారు సగం ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయి. అవి నింపకుండానే, ఉన్న చట్టాల కోరలు ఒక్కొక్కటే తీస్తున్నారు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని ఉల్లంఘిస్తే ఐదేళ్ళ దాకా జైలు ఉండేది; 2023 నాటి జన విశ్వాస్ చట్టంతో దాని స్థానంలో 10,000 రూపాయల నుంచి 15 లక్షల దాకా జరిమానా వచ్చింది. 1974 నాటి నీటి కాలుష్య చట్టానికి 2024లో చేసిన సవరణ కూడా అదే దారి పట్టింది; పైగా కొన్ని తరగతుల పరిశ్రమలకు కాలుష్య మండలి ముందస్తు సమ్మతి అవసరం లేకుండా చేసే అధికారం కేంద్రానికి ఇచ్చింది. ఆ అధికారంతోనే అదే ఏడాది నవంబరులో కాలుష్యం అతి తక్కువగా ఉండే 'తెల్ల' వర్గం పరిశ్రమలన్నింటినీ సమ్మతి నుంచి మినహాయించారు. జైలు శిక్ష పడినవారు ఎందరున్నారని అడిగితే, బహు తక్కువ అని ఒప్పుకుంటాను. అయినా 15 లక్షలు మా ప్లాంటు యజమానికి దివాలా, కోట్ల వ్యాపారం చేసే కర్మాగారానికి రోజు ఖర్చు. ఒకే అంకె ఇద్దరికీ పెట్టిన చట్టం ఎవరిని భయపెడుతుందో ఊహించవచ్చు.

ఇంత చిన్న టిన్నుకు ఇంత పెద్ద మాటలా అని ఎవరైనా అనవచ్చు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం ఆవిరి కమ్మి 12 మంది చనిపోయారు. తన ఉత్పత్తి పరిమాణానికి తగిన పర్యావరణ అనుమతి తన దగ్గర లేదని ఆ కర్మాగారం యాజమాన్యం 2019లో ఇచ్చిన అఫిడవిట్‌లోనే ఒప్పుకుంది. అంటే లోపం తెలియనిది కాదు, దస్త్రంలో రాసి ఉన్నదే. ఆ రాతను చదివి, గేటు దగ్గరకు వెళ్ళి, ఆపమని చెప్పే మనిషి ఆ ఏడాదిలో రాలేదు. మా ప్లాంటు దీపానికీ, విశాఖ కర్మాగారానికీ పరిమాణంలోనే తేడా ఉందని నాకనిపిస్తుంది.

యజమానితో చివరగా జరిగిన సంభాషణ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. దీపం మార్పించాక నాకు టీ ఇప్పించి, "ఒక మాట చెప్పనా మాస్టారూ, ఆ రూలు ఉన్నప్పుడే నాకు బాగుందండీ" అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. ఆయన లెక్క ఇదీ: మార్కు తప్పనిసరిగా ఉన్నంతకాలం సీలు వేసి అమ్మే ప్రతివాడూ ప్రయోగశాల ఖర్చు పెట్టవలసిందే, కాబట్టి ఆ ఖర్చు ధరలో కలిసిపోయేది. ఇప్పుడు ఆయన ఒక్కడే స్వచ్ఛందంగా పెట్టుకుంటే టిన్ను 40కి అమ్మాలి, పక్కవాడు అదే సీలుతో 30కి అమ్ముతాడు, కొనేవాళ్ళకు రెండు టిన్నులూ ఒకలాగే కనిపిస్తాయి. "నేను మంచిగా ఉందామన్నా ఉండనివ్వరండీ" అన్నాడు. నియంత్రణ వ్యాపారికి శత్రువని చెప్పేవారు ఈ మాట వినాలి. వ్యాపార సౌలభ్యం పేరుతో తీసేసిన మెట్టు, నిజాయితీగా వ్యాపారం చేద్దామనుకున్నవాడి కాలి కిందిదే అయింది.

అలాగని టిన్ను మానేసి కుళాయి తాగితే సరిపోతుందని కూడా నేను అనలేను. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో తాగునీటి గొట్టాల్లో మురుగు కలిసి, అతిసారంతో వందల మంది ఆసుపత్రుల పాలై, ప్రాణాలు కూడా పోయిన సంగతి ఇక్కడివారికి గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వం పంపే నీటికీ అదే కాపలా కావాలి, అదే రిజిస్టరు కావాలి. తేడా ఒక్కటే: కుళాయి నీటి గురించి కార్పొరేటరును నిలదీయవచ్చు, సమాచార హక్కు కింద పరీక్ష ఫలితాలు అడగవచ్చు. టిన్ను నీటి గురించి నిలదీయడానికి మిగిలింది ఆ మూత మీది 14 అంకెలే.

ఇక మార్కులు. ఇంటికి చేర్చే సేవకు ఐదుకు ఐదు. టిన్నులకు మూడు, కొన్ని గీతలు పడి పచ్చబారాయి, ఎండలో ఆటోలో ఉంచడం మానాలి. ధరకు నాలుగు. నీటికి నక్షత్రాలు ఇవ్వడం లేదు, అది నాకు చేతకాని పని. కొత్తగా కొనేవారు ఐఎస్ఐ మార్కును ఇంకా స్వచ్ఛందంగా ఉంచుకున్న ప్లాంటు దొరికితే 5 రూపాయలు ఎక్కువైనా అక్కడే కొనండి, సంఖ్యను యాప్‌లో సరిచూసుకోండి, చివరి పరీక్ష నివేదిక తేదీ అడగండి. చూపించడానికి తటపటాయిస్తే వేరే చోటు వెతకండి.

మా ఇంట్లో ఇప్పుడు వారానికి ఒక్క టిన్నే. మిగతాది కుళాయి నీటిని మరిగించి వాడుతున్నాం. వీధిలో 31 ఇళ్ళవాళ్ళం సంతకాలు పెట్టి, నెలకొకసారి గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష చేయించి నివేదికను ప్లాంటు గోడకు అంటించాలని యజమానిని కోరాం; ఆ ఖర్చు కోసం టిన్నుకు 2 రూపాయలు పెంచుకోమని కూడా మేమే రాసిచ్చాం. ఐఎస్ఐ మార్కును తిరిగి తప్పనిసరి చేయాలని కోరుతూ ఆహార భద్రతా ప్రాధికార సంస్థకు మరో ఉత్తరం రిజిస్టరు పోస్టులో పంపాం. యజమాని మొదటి నివేదిక అంటించాడు, దాని కింద దీపం మార్చిన తేదీ స్కెచ్ పెన్నుతో రాశాడు. రెండో నెలది ఇంకా రాలేదు. వచ్చే సోమవారం వెళ్ళి అడగాలి.